పనికిరాని ముక్క

ఆసుపత్రుల్లో రోగిని డాక్టరు కంటే ముందు, బొమ్మల కార్డులతో జాతకం చెప్పే టారో మిషన్ చూస్తున్న రోజులివి. మంచి కార్డు వస్తే మంచం ఇస్తారు, చెడ్డది వస్తే ఇంటికి పంపిస్తారు. మా ఆవిడ నాంచారమ్మకి రెండో కన్ను కూడా మసకబారింది. ఆమె తరఫున కార్డు తీయాలి కాబట్టి వీధి చివర హారిక దగ్గర టారో నేర్చుకోవడానికి చేరాను.

మొదటి రోజే గుర్రమెక్కిన అస్థిపంజరం, అంటే చావు కార్డు, వచ్చింది. దాన్ని కింద పడేసి కట్టలోంచి ఇంకోటి తీశాను.

"అదేంటి తాతా, పడేశావు?"

"పనికిరాని ముక్క చేతిలో ఎందుకు?"

"ఇది పేకాట కాదు. విధిని పారేయకూడదు, అర్థం చేసుకోవాలి."

కొన్నాళ్ళు అర్థం చేసుకున్నాను.

నాంచారమ్మను తీసుకుని ఆసుపత్రికి వెళితే, అక్కడి మిషన్ కూడా ఆ అస్థిపంజరాన్నే ఇచ్చింది. పేకాడిన చెయ్యి అలవాటు మానలేదు. దాన్ని కింద పెట్టి ఇంకోటి తీస్తే సూర్యుడు వచ్చాడు. కార్డు పారేయకూడదని మిషన్‌కి ఎవరూ చెప్పలేదు కాబోలు, మంచం రాసిచ్చింది. కింద పెట్టిన ముక్కను నా వెనకామెకి ఇచ్చింది.

"నాకెందుకమ్మా ఇది?" అని ఆమె కూడా కింద పెట్టి ఇంకోటి తీసుకుంది. ఆమె వెనకాయనా అంతే. లైనంతా నేర్చుకుంది.

చివర్న, మోకాలి నొప్పితో, ఈ మిషన్ పెట్టించిన సూపరింటెండెంటు గారే ఉన్నారు. ఆయన చేతికి అస్థిపంజరం వచ్చేసరికి కట్ట అయిపోయింది.

"ఇప్పుడు దీన్నేం చేయాలయ్యా?" అని నన్నడిగారు.

"మీరు పెట్టించిందే కదండీ, ఉంచుకోండి," అని నాంచారమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.