మలుపు కాడ పొగ

"పగిలిన బకెట్టు, తెగిన చెప్పు... ప్లాస్టిక్‌ది ఏదన్న ఉంటె ఇయ్యి బిడ్డా."

వాకిట్లో నిలబడ్డ ఆడమనిషిని సుమిత్ర ఎన్నడూ చూడలేదు. నలభై ఏళ్ళుంటాయి. భుజాన గోనెసంచి. మాటలో బీదరు దిక్కు యాస.

"ఏం జేస్తవమ్మా?"

"రోడ్డు మీద గుంతలు పూడుస్త."

సుమిత్రకు నవ్వొచ్చింది. మూలన పడున్న పాత బకెట్టు ఇచ్చింది. నాలుగేళ్ళ మనోరమ పరుగున పోయి, పట్టీ తెగిన తన ఎర్ర చెప్పు తెచ్చి సంచిలో వేసింది.

ఆ మనిషి పిల్ల తల నిమిరి వెళ్ళిపోయింది.

చేను నుంచి వచ్చిన అత్త హనుమమ్మ ఆ సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"పిల్ల తొడిగిన చెప్పు ఇచ్చినవా? తల గూడ ముట్టిందా? గామె బాణామతి చేస్తదని ఊరంత అనుకుంటున్నరు, నీకు చెవులు లేవా?"

"గుంతలు పూడుస్తదంట అత్తా."

"కూలి ఎవరిస్తున్నరు?"

సుమిత్ర పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఎవ్వరియ్యరు. కూలి లేకుంట ఎండల రాళ్ళు మోసేటోల్లు ఉంటరా? ఇంటింట మనం వాడిన వస్తువ తీస్కపోయి మంటల పెడుతున్నది. వస్తువ కాలితె మనిషి కాలుతడు."

అది ఎనభై ఆరో సంవత్సరం. చేతబడిలాంటి ఆ బాణామతి అన్న మాట చెవిన పడితే చాలు, ఝరాసంగం చుట్టుపక్కల ఊళ్ళలో పట్టపగలే తలుపులు మూసుకునేవారు.

సుమిత్ర నమ్మకూడదనుకుంది. కానీ వారం తిరగకముందే మనోరమకు జ్వరం వచ్చింది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేంత జ్వరం. ఆకు పసరుకు తగ్గలేదు. పిల్ల కళ్ళు తెరవడం కూడా మానేసింది.

సుమిత్ర ఇక ఆగలేక మిట్టమధ్యాహ్నం రోడ్డు మలుపు దగ్గరికి పరుగెత్తింది. నల్లటి పొగ అల్లంత దూరం నుంచే కనిపించింది.

రాళ్ళ మీద ఇనుప రేకు. రేకు మీద కంకర కాగుతోంది. పక్కన డబ్బాలో డాంబరు ఉడుకుతోంది. ఆ మనిషి ముక్కుకు కొంగు కట్టుకుని, సంచిలోంచి ఒక్కొక్కటే తీసి కంకర మీద వేస్తోంది.

యూరియా సంచి లోపలి కవరు. ఎవరిదో దువ్వెన. ఆ తర్వాత ఎర్ర చెప్పు.

చెప్పు మెత్తబడింది. ముడుచుకుంది. కరిగి రాళ్ళ మీద పారింది.

తన బిడ్డే కరిగిపోతున్నట్టు అనిపించి సుమిత్ర గొంతు చించుకుని అరిచింది.

చెరుకు తోటల్లోంచి జనం ఉరికొచ్చారు. ముందు సుమిత్ర భర్త నర్సింలు.

"నా బిడ్డను ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే అన్నా. ఇది కరిగి కంకరకు అంటుకుంటది. దాంట్ల డాంబరు కలిపితే వాన నీళ్ళు లోపటికి దిగవు. గుంత మల్ల పడది."

"ఎవరు పంపిన్రు నిన్ను?"

"ఎవ్వరు పంపలే."

"మరెందుకు చేస్తున్నవ్?"

ఆమె చుట్టూ ఉన్న మొహాలన్నీ చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. మొదటిసారి ఆమె కళ్ళలో భయం కనిపించింది.

జనానికి ఆ మౌనమే చాలింది. నర్సింలు డబ్బాను కాలితో తన్నాడు. ఉడుకు డాంబరు ఆమె కాలి మీద పడింది. ఆమె మట్టిలో కూలబడింది.

"మల్ల ఈ దిక్కు వస్తే పండ్లు ఊడగొడతం!"

ఆమె కుంటుకుంటూ వెళ్ళిపోయింది. సంచి అక్కడే ఉండిపోయింది.

జ్వరం మాత్రం దిగలేదు.

తెల్లారి వాన దంచికొట్టింది. బస్సు రాలేదు. పిల్లను గొంగట్లో చుట్టుకుని మొగుడూ పెళ్ళాలు రోడ్డెక్కితే ఒక లారీ ఆగింది. డ్రైవర్ పేరు రేవణసిద్ధప్ప.

మలుపు దగ్గర రోడ్డు మీంచి నీళ్ళు పారుతున్నాయి. వాన పడితే చాలు, అక్కడి గుంతల్లో బండ్లు కూరుకుపోయి పూటకు పూట గడిచిపోయేది. సుమిత్ర కళ్ళు గట్టిగా మూసుకుంది. లారీ దిగబడుతుంది. ఇక్కడే, తన ఒళ్ళోనే పిల్ల...

కుదుపు రాలేదు.

కళ్ళు తెరిచేసరికి మలుపు వెనకబడింది.

జహీరాబాద్ దవాఖానలో డాక్టర్ టైఫాయిడ్ అన్నాడు. నీళ్ళ వల్ల వచ్చే జ్వరమన్నాడు. నర్సింలు, సుమిత్ర ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మందులు పడ్డాక పిల్ల మెల్లగా తేరుకుని గంజి అడిగింది.

మూడు వారాలకు ఊరికి తిరిగి వెళ్ళే రోజు మళ్ళీ రేవణసిద్ధప్ప లారీయే దొరికింది. మలుపు రాగానే సుమిత్ర ఉండబట్టలేక అడిగింది.

"అన్నా, ఈడ గుంతలు పూడ్చినామె ఎరుకనా నీకు? ఒక్కపాలి కాళ్ళు మొక్కాలె."

"మా ఊరామెనే. నీలమ్మ. రోడ్డు పనికి పోయేది. కాలు కాలి ఇంటికొచ్చింది. ఎవరు కాల్చిన్రంటే చెప్పలే. పుండు ముదిరి మొన్ననే సచ్చిపోయింది."

నర్సింలు చెయ్యి తలుపు మీద బిగుసుకుంది.

"కూలి లేకుంట ఎందుకు చేసిందన్నా?" సుమిత్ర మళ్ళీ అడిగింది.

"వద్దంటే ఇనలే. ఊరోళ్ళ మీద కోపం లేదు, గుంత మీదనే అన్నది." రేవణసిద్ధప్ప లారీ నెమ్మది చేశాడు. "పోయినేడు వానలల్ల గీడనే ఒక లారీ గుంతల పడి, మీ ఊరి ఎడ్లబండి మీదికి ఒరిగింది, యాదికున్నదా?"

యాదికుంది. బండిలోని ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. ఊరంతా ఉరికొచ్చి డ్రైవర్ను కిందికి గుంజింది. అందరికంటే ముందు నర్సింలే. పోలీసులు వచ్చేసరికి ఆ మనిషిలో ఊపిరి లేదు. ఎవరు కొట్టారో ఊళ్ళో ఎవరూ చెప్పలేదు.

"ఆ డ్రైవర్ మా వీరప్ప," అన్నాడు రేవణసిద్ధప్ప, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నీలమ్మ ఆయన పెండ్లాం."