పైకి కొట్టొద్దు

"పైకి కొట్టొద్దు. నీకు పుణ్యముంటుంది, పైకి మాత్రం కొట్టొద్దు," అన్నాడు ఓస్మో, సాసేజ్ మీద మస్టర్డ్ పిండుతూ.

కాఫీ కోసం వచ్చిన ఐలి తెల్లబోయింది. అవతలి జట్టులో గోల్ కాసే గోలీ విల్యాకి ఈయన కన్నతండ్రి. మంచు మీద ఆడే హాకీ మ్యాచ్ రోజున అరీనాలో కాఫీ స్టాల్ నడపడం సొంతూరి ఆటగాళ్ళ తల్లిదండ్రుల వంతు కాబట్టి, ఏప్రన్ కట్టుకుని నిలబడ్డాడు.

"సొంత కూతురి మీద గోల్ ఎలా కొట్టాలో నాకు చెబుతున్నారా?"

"చెబుతున్నాను, విను. పక్కకి జరిగేటప్పుడు మోకాళ్ళ మధ్య సందు వదిలేస్తుంది. అక్కడ కొట్టు. లేదంటే కర్ర పట్టిన చేతివైపు, మంచుకి ఆనించి కొట్టు. భుజం మీంచి, చెవి పక్క నుంచి వచ్చేవన్నీ ఇట్టే పట్టేస్తుంది. నువ్వేమో ఎప్పుడూ పైకే లేపుతావు."

"నా సంగతి మీకెలా తెలుసు?"

"నీ అంత గట్టిగా కొట్టేది ఈ లీగ్‌లో ఇంకెవరమ్మా?"

కప్పు అందిస్తూ ఆయన, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. చేసేది దొంగపని, చూడకేం చేస్తాడు అనుకుంది ఐలి.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఆమెకి కాలు నిలవలేదు. స్కేట్ల తాళ్ళు కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. కర్రకి చుట్టిన టేపు బాగానే ఉన్నా పీకి కొత్తది చుట్టింది.

"ఏమే, కర్రకి చీర కడుతున్నావా?" అంది కోచ్ రిత్వా. "చలికాలమంతా ఒక్క గోల్ లేదు. ఇవాళ కూడా ఒట్టి చేతులతో వస్తే జట్టులో నీ పేరుండదు. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఐలి టేపు చుట్ట పక్కన పెట్టింది. ముసలాయన చెప్పింది నిజమా, ఉచ్చా? కూతురు మోకాళ్ళు బిగించి కూర్చుంటే తన బతుకు బజారున పడుతుంది. అసలు ఏ తండ్రి ఇలాంటి పని చేస్తాడు?

ఆట మొదలైన కాసేపటికే పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, ఆమె కర్రకి చిక్కింది. అలవాటు కొద్దీ మణికట్టు పైకి లేవబోయింది. బలవంతాన అణచి మోకాళ్ళ మధ్యకి కొట్టింది. గోల్! హారన్ మోగగానే విల్యా గట్టిగా కళ్ళు మూసుకుని ముఖం చిట్లించింది. ఒళ్ళు మండినట్టుందని ఐలికి సంబరమేసింది. రెండోది కర్ర చేతివైపు, మంచుని రాసుకుంటూ పోయింది.

మూడోసారి వచ్చేసరికి విల్యా తెలివి తెచ్చుకుంది. కింద చీమ దూరే సందు కూడా లేదు. పైన మాత్రం, భుజానికీ చెవికీ పక్కన, వల తెల్లగా పిలుస్తోంది. ఐలి కర్ర ఎత్తింది.

వల వెనక అద్దాల గోడకి అతుక్కుని ఓస్మో! అరచేతిని కిందికి, కిందికి అని ఊపుతున్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఈ మనిషి నన్ను వదలడు!" అని తిట్టుకుంటూ కిందికే కొట్టింది. విల్యా కాలికి తగిలి పక్ వెనక్కొచ్చింది. దాన్నే మళ్ళీ వలలోకి నెట్టింది.

వరసగా మూడు పడితే ఏ కోచ్ అయినా చేసేదే వాళ్ళ కోచ్ కూడా చేసింది. విల్యాని బయటికి పిలిచి రెండో గోలీని దింపింది. విల్యా కర్రని గోడకేసి విరగ్గొట్టింది. అద్దం వెనక ఓస్మో కళ్ళు తుడుచుకోవడం చూసి ఐలికి అసహ్యం పుట్టింది.

మ్యాచ్ గెలిచారు. రిత్వా వీపు తట్టి, "బతికిపోయావు పో," అంది. బతికిపోయినట్టేమీ అనిపించలేదు ఐలికి. ఎంగిలి కూడు తిన్నట్టుంది. నేరుగా స్టాల్‌కి వెళ్ళింది.

"ఎంతకి అమ్ముడుపోయారు?"

"నాకెవరూ ఏమీ ఇవ్వలేదమ్మా."

"మరి ఆ పిల్ల పరువెందుకు తీశారు? ఇంటికెళ్ళి దాని ముఖం ఎలా చూస్తారు?"

"చూస్తాను," అన్నాడు ఓస్మో. "ఇంటికెళ్ళి చూస్తాను. అదే చాలు నాకు. ఒక సంగతి జట్టులో ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది, మొండిది. ఆడకపోతే చస్తానంది. ఒట్టు తప్పకుండా దాన్ని బయటికి తీసుకురావడానికి నాకింకో దారి దొరకలేదు."

"ఏమిటా సంగతి?"

ఆయన ఏప్రన్ విప్పి మడత పెట్టాడు.

"తలకి ఇంకో దెబ్బ తగిలితే దక్కదన్నాడు డాక్టరు."