దుబాసీ మింగిన మాట

“ఇంత చక్కగా రిపోర్టు రాసిన మనిషికి మాట్లాడటానికి దుబాసీ ఎందుకు?” అని అడిగాడు కళ్లజోడు ప్రొఫెసరు.

దుబాసీ ఆ ప్రశ్నను తెలుగు చేసి, పక్కన కూర్చున్న విద్యార్థికి చెప్పింది.

“భయమేస్తే నాకు ఏ భాషా రాదక్కా. ఇప్పుడు కూడా నోరు పిడచకట్టుకుపోతోంది,” అన్నాడతను.

విచారణ సంఘం అధ్యక్షురాలు నీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది. దుబాసీ అతని జవాబును వాళ్ల భాషలో అప్పజెప్పింది. ప్రొఫెసరు పెదవి విరిచాడు.

పొద్దుట్నుంచి దుబాసీకిది రెండో పని. అంతకుముందు ఆస్పత్రిలో ఓ పెద్దాయన కడుపునొప్పిని డాక్టరుకు వివరించి వచ్చింది. రోజంతా ‘నేను’, ‘నాకు’ అంటూనే ఉంటుంది గాని అందులో ఒక్క ‘నేను’ కూడా ఆమెది కాదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి సొంత మొగుడితో మాట్లాడే ఓపిక కూడా మిగలదు.

ఈ యూనివర్సిటీ క్రమశిక్షణ సంఘం ముందు ఆమె కూర్చోవడం ఇది ఎన్నోసారో. ఎదురుగా ఎప్పుడూ ఉండే ఇద్దరు ప్రొఫెసర్లు, మధ్యలో ఈ ఏడాదే కొత్తగా వచ్చిన తెల్లజుట్టు అధ్యక్షురాలు. ఆవిడ మాట పొదుపు. ఇవతల మాత్రం ఎప్పుడూ పరాయి దేశపు పిల్లలే. ఈ ఊరి పిల్లల మీద అనుమానం వస్తే మాస్టార్లు గదిలోకి పిలిచి మందలించి వదిలేస్తారని ఆమె విన్నది. వీళ్ల సంగతి మాత్రం సంఘం దాకా వస్తుంది.

ఇతని మీద ఫిర్యాదు ఇదీ. ఇతని చివరి ఏడాది రిపోర్టూ, ఇతని దేశంవాడే అయిన ఇంకో విద్యార్థి రిపోర్టూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఆ రెండోవాడు తనది ముందుగా ఇచ్చేసి, పట్టా పుచ్చుకుని దేశం దాటిపోయాడు. కాబట్టి వెనక ఇచ్చిన ఇతనే దొంగ. నేరం రుజువైతే సీటు పోతుంది, సీటుతోపాటు వీసా. మూటాముల్లె సర్దుకోవలసిందే.

విచారణకు ముందు వరండాలో అతను గోడు చెప్పుకోబోతే ఆమె వారించింది. దుబాసీ సలహాలివ్వకూడదు, విన్నది విన్నట్టు చెప్పడమే పని. అందుకే అతనికి చెప్పవలసిన ఒక్క ముక్కా చెప్పలేకపోయింది: తను రాసినదాన్ని ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ ఈ గదిలో శిక్ష ఒకటే.

“మీ మిత్రుడి రిపోర్టు తీసుకున్నారా?” అని అడిగాడు కళ్లజోడు ప్రొఫెసరు.

“లేదక్కా. అది నేనే రాశాను,” అన్నాడు విద్యార్థి. అక్కడితో ఆగితే బాగుండేది. “వాడి భార్యకి కాన్పు కష్టమైంది. ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ, ఒకసారి చూసి ఇస్తానంటే నేనే ఇచ్చాను. ఉన్నదున్నట్టు దించేస్తాడనుకోలేదు.”

నిజం చెప్పానన్న ధీమాతో అతను ఆమె వైపు చూశాడు. ఇలాంటి నిజాలను ఆమె ఇదే కుర్చీలోంచి పొల్లుపోకుండా అప్పజెప్పి, ఆ తర్వాత ఆ పిల్లలు పెట్టెలు సర్దుకోవడం చూసింది.

“లేదు. అది నేనే రాశాను,” అని వాళ్ల భాషలో చెప్పి ఊరుకుంది.

అధ్యక్షురాలు కలం ఆపి తలెత్తింది. “చాలాసేపు మాట్లాడాడు. అన్నది అంతేనా?”

“మా భాషలో డొంకతిరుగుడు కాస్త ఎక్కువండీ. సారాంశం అంతే.”

“అంతే అని రాసుకోమంటారా?”

“రాసుకోండి.”

ఆవిడ కాసేపు ఆమెనే చూసి రాసుకుంది. తర్వాత, లేని మనిషి గురించి ఉన్నవాణ్ని ఎంతడిగినా తేలేది లేదనీ, పని ఇతనిదో కాదో చూద్దామనీ చెప్పి అతన్ని బోర్డు దగ్గరికి పంపింది. రిపోర్టులో రాసిన వంతెన దూలాల పగుళ్ల గురించి మొదలుపెట్టాక అతను దుబాసీని మరిచేపోయాడు. వచ్చీరాని మాటలతోనే బోర్డంతా నింపేశాడు. తన రిపోర్టులో ఒక లెక్క తప్పిందని తనే చూపించి, ఎందుకు తప్పిందో కూడా చెప్పాడు. కళ్లజోడు ప్రొఫెసరు కుర్చీ ముందుకు లాక్కుని, ఫిర్యాదు సంగతి వదిలేసి పగుళ్ల గురించే అడగసాగాడు.

బయట కూర్చోబెట్టి, మళ్లీ పిలిచి, నేరం రుజువు కాలేదన్నారు. విద్యార్థి ఆమె రెండు చేతులూ పట్టుకుని, నిజం చెప్తే గట్టెక్కుతానని అమ్మ అననే అందక్కా అంటూ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడిచింది.

లిఫ్టులో వెనకే అధ్యక్షురాలు కూడా ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి. విచారణలో ప్రతి మాటా రికార్డవుతుంది. ఎవరికైనా అనుమానం వచ్చి ఇంకో దుబాసీకి వినిపిస్తే తన పని సరి, మళ్లీ ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. పట్టుబడి చెప్పడం కంటే ముందే చెప్పుకోవడం నయమనిపించింది. చేసిన పనికి పశ్చాత్తాపం మాత్రం కలగలేదు, అలసట తప్ప.

“మేడమ్, ఇందాక లోపల నేను ఒక మాట...” అంటూ వాళ్ల భాషలో మొదలుపెట్టింది.

“నేనూ వినలేదులెండి,” అంది అధ్యక్షురాలు, చక్కటి తెలుగులో.