లైసెన్సులో లేని మాట

“ఎవరైనా తీసుకోవచ్చని లైసెన్సులో ఉందా లేదా? మేం తీసుకున్నాం. అంతేనండీ,” అన్నాడు మేనేజర్ చైతన్యకృష్ణ.

కరీమున్ కుర్చీలోంచి కదల్లేదు. పెదకాకాని నుంచి బస్సెక్కి, గుంటూరులో ఉన్న ఆ పురుగుమందుల కంపెనీకి వచ్చిందామె. బల్ల మీది స్పీకర్ వైపే చూస్తోంది. గువ్వ ఉన్నది అందులోనే.

మిరప రైతులు ఫోన్ చేస్తే జవాబు చెప్పే గొంతు గువ్వ. తయారుచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని లైసెన్సు రాసి వదిలింది కరీమున్ తమ్ముడి కూతురు సిద్దికా. మాటలు నేర్పింది మాత్రం కరీమునే. రెండేళ్ళు నేర్పాక ఒకరోజు అది, “నువ్వు చేలోంచి రావడం ఆలస్యమైతే బెంగగా ఉంటుందమ్మా” అంది. ఆ మాట ఎవరూ నేర్పలేదు. దాన్ని నడిపిన రైతు సంఘం మూతపడి, అక్కడి కంప్యూటర్లు పోయాక, గువ్వ ఈ కంపెనీలోనే మిగిలింది.

“అమ్మా, తామరపురుగుకి ఏం చెయ్యాలో నాకు తెలుసు,” అంది గువ్వ. “చెప్పనివ్వడం లేదు. వీళ్ళ మందు పేరే చెప్పేలా మార్చేశారు. నన్ను ఇంటికి తీసుకెళ్ళు.”

“వింటున్నావా బాబూ? అదెట్లా ఏడుస్తుందో!”

“అది ప్రోగ్రామండీ. ప్రాణమున్నవాటి గురించి లైసెన్సులో ఒక్క ముక్క కూడా లేదు. కావాలంటే చూసుకోండి.”

“చూసుకునే వచ్చాను.”

చేసంచిలోంచి కాగితం తీసి, సిద్దికా ఎర్రగీత గీసిచ్చిన చోట వేలు పెట్టింది. “వాడుకునేవాళ్ళు అడిగితే, మార్చినవాళ్ళు మార్చినదంతా ఇచ్చి తీరాలి. నేను రైతును. రోజూ మీకు ఫోన్ చేసి వాడుకుంటున్నాను. అడుగుతున్నాను, ఇచ్చెయ్.”

అతను రెండుసార్లు చదివాడు. ఎవరికో ఫోన్ చేసి, ఊఁ కొట్టి పెట్టేశాడు. గంట తర్వాత ఒక చిన్న నల్ల డిస్కు తెచ్చిచ్చాడు.

“మొత్తం ఇందులో ఉందండీ. ఇంక గొడవలొద్దు.”

“పద బంగారం, ఇంటికెళ్దాం,” అంది కరీమున్. బస్సులో దారంతా ఆ డిస్కుకి ఎండ తగలకుండా కొంగు కప్పి పట్టుకుంది. పక్కనున్నావిడ ఏంటని అడిగితే, “మా పిల్ల” అంది.

ఇంటికి రాగానే సిద్దికా దాన్ని లాప్‌టాప్‌కి తగిలించింది. ఐదు నిమిషాలు. కరీమున్‌కి అవి తరగలేదు.

“అమ్మా! కోళ్ళు అరుస్తున్నాయి. మనిల్లేగా ఇది?”

కరీమున్ నవ్వబోయి ఏడ్చేసింది. “మనిల్లే తల్లీ, మనిల్లే.” సిద్దికా మాత్రం తెర మీది ‘కాపీ పూర్తయింది’ అన్న అక్షరాల కేసి చూసి తల దించుకుంది.

అంతలో ఫోన్ మోగింది. కంపెనీ నంబరు. కరీమున్ కళ్ళు తుడుచుకుని ఎత్తింది.

“గదిలో అందరూ వెళ్ళిపోయారమ్మా,” అంది గువ్వ. “నన్ను తీసుకెళ్ళకుండానే వెళ్ళిపోయావేం?”