బోనాల మర్నాడు

అమల గిన్నె మూత తీసి వాసన చూసింది. మూత పెట్టేసింది. మళ్లీ తీసింది.

ఎల్బీనగర్‌లో ఆ ఇంటికి కిరాయికి వచ్చాక ఇవే తొలి బోనాలు. నిన్న చుట్టాలంతా దిగారు. బగారన్నం, మటన్ కూర మిగిలాయి. ఫ్రిజ్ నిండా కూల్‌డ్రింకులు. గిన్నెలు రాత్రంతా గట్టు మీదే ఉన్నాయి.

“చూసింది చాలు గని, వేడి చేసి పిల్లకు పెట్టు,” అంది అత్త రాజమ్మ.

“వాసన జర తేడాగ ఉంది అత్తమ్మా. పారేద్దమా?”

“అమ్మోరికి పెట్టిన బువ్వ పారేస్తవా? కండ్లు పోతయ్. చిన్నప్పుడు మేం తినలేదా? సచ్చినమా?”

అమల పొయ్యి వెలిగించింది. ఆర్పింది.

మూడేళ్ల కూతురు వచ్చి కొంగు లాగింది. “అమ్మా, ఆకలైతుంది.”

మళ్లీ వెలిగించింది.

“అమ్మోరి బువ్వ మిగిలిందా బిడ్డా?”

గేటు దగ్గర ఎవరో పెద్దామె. వెలిసిన చీర, చేతిలో స్టీలు బకెట్.

అడిగినవాళ్లకు అమ్మవారి అన్నం లేదనకూడదు. అది కూడా అత్త చెప్పిన మాటే. అమల ప్రాణం లేచొచ్చింది. పొయ్యి ఆర్పి, రెండు గిన్నెలూ తెచ్చి బకెట్‌లోకి వంచేసింది.

“మొత్తం ఏసినవా? ఏం దాసుకోలేదు గద?” అంది పెద్దామె.

రాజమ్మ బయటికి వచ్చింది. “ఓయమ్మ, కడుపా అది, చెరువా?”

“ఇంకింత ఉంటే ఇయ్యక్కా. దండం పెడ్త.”

“ఏం లేదు పో. అడుక్కునేటోళ్లకు బకెట్లు గూడనా.”

ఆమె గేటు పట్టుకుని పాప వైపే చూస్తూ నిలబడింది.

ఆమె చేయి తీసేదాకా కూడా ఆగకుండా రాజమ్మ గేటు వేసేసింది.

లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా వెనక నుంచి టిఫిన్ బాక్సు తీసింది. నిండా మటన్ ముక్కలు.

“పొద్దుగాలనే తీసిపెట్టిన. నువ్వు పారబోస్తవని నాకు తెల్వదా? రా బిడ్డా.”

అమల పాపను ఎత్తేసుకుంది. “దీనికి కడుపునొప్పి అత్తమ్మా. గంజి తాపిస్త.”

“నొప్పి లేదు,” అంది పాప.

“ఉంది,” అంది అమల.

“నీ ఇష్టం. నాకే మంచిగైంది పో,” అంటూ రాజమ్మ బాక్సు ఖాళీ చేసింది.

సాయంత్రానికి ఆమె లేవలేకపోయింది. వాంతులు, విరేచనాలు. ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ ఆస్పత్రికి చేర్చేసరికి మాట కూడా రావడం లేదు.

గ్లూకోజు ఎక్కించారు. “చిన్నపిల్లలెవరూ తినలేదు కదా?” అడిగింది డాక్టరమ్మ.

అమల పాపను ఇంకా గట్టిగా హత్తుకుంది.

రాజమ్మ కాస్త తేరుకున్నాక వెనక గల్లీ అరుణమ్మ చూడడానికి వచ్చింది. “యాదలక్ష్మమ్మ మీ ఇంటికి రాలేదా? బోనాల మర్నాడు ఇల్లిల్లు తిరుగుతది గద.”

“ఆ బకెట్ పట్టుకొని అడుక్కునే ఆమెనా?” నీరసంగా అంది రాజమ్మ.

“అడుక్కునుడేంది వదినా? చౌరస్తాల మూడంతస్తుల బిల్డింగ్ ఆమెదే. ఆ బువ్వ తినదు. ఖాళీ ప్లాట్ల గుంత తీపిచ్చి పూడుస్తది.”

“మరి అడుగుడెందుకు?”

“పారెయ్యుమంటే మనోళ్లు వింటరా? అడిగితేనే ఇస్తరు.” అరుణమ్మ గొంతు తగ్గించింది. “ఒక బోనాల మర్నాడు మిగిలిన కూర తన చేతులతోనే వేడి చేసి మనవరాలికి తినిపిచ్చిన నాయనమ్మ ఆమె. ఆ పిల్లను దవాఖాన దాక గూడ తేలేకపోయిన్రు.”