పుస్తకంలో లేని మాట

గురువారం వచ్చిందంటే లైబ్రరీ మేడమ్‌కి గుండెల్లో దడ.

ఆ రోజు ఎవరో ఒకరి తల్లో తండ్రో వచ్చి, రెండో క్లాసు పిల్లలకి ఒక కథ పైకి చదివి వినిపించాలి. ఆ పద్ధతి పెట్టింది ఆమే. వస్తామన్నవాళ్లు రారు, వచ్చినవాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

"ఏడాది చివరికి పిల్లలు గడగడా చదవాలి. లేదంటే ఈ పీరియడ్ తీసేసి లెక్కలకి ఇచ్చేస్తాను," అని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పేశారు. పీరియడ్ పోతే, కొత్తగా చేరిన ఆమె ఉద్యోగం కూడా గోవిందా.

అలా ఎవరూ రాని ఒక గురువారం, గుమ్మంలో ఒకావిడ కనిపించింది. నిండైన మనిషి.

"నేను చదవచ్చామ్మా?"

"మీ పాప ఏ క్లాసండీ?"

"రెండో క్లాసమ్మా. చిట్టి అంటాం."

దేవుడే పంపాడనుకుని మేడమ్ కుర్చీ చూపించింది. ఆవిడ దాన్ని వదిలేసి, పిల్లల బుల్లి కుర్చీలో ఒదిగి కూర్చుంది. తోక పోగొట్టుకున్న గాలిపటం కథ చేతిలోకి తీసుకుంది.

నోరు తెరిచింది. అంతే, మేడమ్ చటుక్కున తలెత్తి చూసింది.

అంత మనిషిలోంచి ఏడేళ్ల పిల్ల గొంతు వస్తోంది!

"గాలి... గాలిపటం... తోక కోసం... వె... వెతి... వెతికింది."

కూడబలుక్కుంటూ చదువుతోంది. చూపుడు వేలు అక్షరాల కింద నడుస్తోంది గానీ, వేలు ఒకచోట, మాట ఒకచోట. ఐదో పేజీ తిప్పగానే ఆగి, చిన్నగా దగ్గి, మెల్లగా అడిగింది.

"అమ్మా, నిద్రపోయావా?"

ఏమీ జరగనట్టు మళ్లీ కథలో పడిపోయింది.

పిల్లలు కిసుక్కుమంటారనుకుంది మేడమ్. ఒక్కరూ నవ్వలేదు. తను గొంతులు మార్చి, చేతులు ఊపి చదివినా కుదురుగా ఉండని కోతిమూక, ఆవిడ ముందు కిక్కురుమనలేదు. మేడమ్‌కి కాస్త కడుపు మండింది కూడా.

అందరూ వెళ్లాక పుస్తకం తిరగేసింది. ఆ మాట అందులో ఎక్కడా లేదు.

పై గురువారం ఆవిడ మళ్లీ వచ్చింది. అదే పుస్తకం. అక్కడే తడబాటు, అక్కడే దగ్గు, అదే ప్రశ్న. ఆ తర్వాతి వారాలూ అంతే, మక్కీకి మక్కీ.

చివరికి మేడమ్ ఆవిడని అల్మారా పక్కకి పిలిచింది.

"ఏమీ అనుకోకండి. మీరిలా తడబడితే పిల్లలకీ అదే అలవాటవుతుంది. నా ఉద్యోగానికి ఎసరొస్తుంది."

ఆవిడ పుస్తకాన్ని గుండెలకి అదుముకుంది.

"ఇంకొన్నాళ్లు రానివ్వమ్మా. పైకి చెప్పుకోకపోతే మరిచిపోతాను. ఇప్పటికే అక్కడక్కడా జారిపోతోంది."

"చదివేదానికి మరిచిపోవడమేంటండీ, విడ్డూరం కాకపోతే! పుస్తకంలో ఉంటుందిగా. ఇంట్లో మీ చిట్టి చేత చదివించుకుని, బాగా వచ్చాక రండి."

ఆవిడ అదోలా చూసింది. పుస్తకం అరలో పెట్టి, అట్ట ఒకసారి నిమిరి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

హమ్మయ్య అనుకోనిస్తేనా పిల్లలు! "ఆ ఆంటీ ఏరి?" అని మేడమ్ ప్రాణం తోడేశారు. ఆ బుల్లి కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వరు. మేడమ్ చదువుతుంటే ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తారు.

"మీలో చిట్టి ఎవర్రా? వాళ్లమ్మని నేను రమ్మన్నానని చెప్పాలి."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు వరసలోని పాప ఖాళీ కుర్చీ వైపు వేలు చూపించింది.

"ఆంటీ చదివేటప్పుడు వస్తుందిగా టీచర్, ఆ పిల్లే."

మేడమ్ గబగబా బయటికొచ్చింది. ఆవిడ ఉండే సందు స్కూలు ఆయమ్మకి తెలుసంటే, ఉన్నపళంగా పంపించింది.

"ఇల్లు ఖాళీ చేసేసింది మేడమ్. ఎటెళ్లిందో చుట్టుపక్కల ఎవరికీ తెలీదట."

ఏడాది చివర హెడ్‌మిస్ట్రెస్ రానే వచ్చారు. "మీకిష్టమైన కథ చదవండర్రా," అన్నారు. పిల్లలు గాలిపటం పుస్తకమే తీశారు.

గడగడా చదివేస్తున్నారు. ఒక్క తడబాటు లేదు. మేడమ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఐదో పేజీ దగ్గర క్లాసు క్లాసంతా ఆగింది. అందరూ ఒక్కసారే దగ్గారు. అంతమందిదీ ఒకటే గొంతయినట్టు మెల్లగా అడిగారు.

"అమ్మా, నిద్రపోయావా?"

"అయ్యో, క్షమించండి మేడమ్! ఎవరో ఒకావిడ వచ్చి తప్పుగా నేర్పింది. నేను మానిపించేశాను," అంది లైబ్రరీ మేడమ్ కంగారుగా.

హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ దగ్గరికొచ్చారు.

"చిట్టి వాళ్లమ్మా? ఆవిడకి అక్షరం ముక్క రాదమ్మా."

"మరి... చదివింది కదా!"

"పోయినేడాది చిట్టి ఇక్కడే రెండో క్లాసు. బడికి రావట్లేదని చూడ్డానికి వెళ్లాను. జ్వరంతో మంచంలో ఉండి కూడా, వాళ్లమ్మకి ఈ కథ చదివి వినిపిస్తోంది. మధ్యలో దగ్గొచ్చింది. తల్లి కళ్లు మూసుకుని వింటుంటే, నిద్రపోయిందేమోనని అడిగింది."

లైబ్రరీ మేడమ్ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఇప్పుడెలా ఉంది పాప?"

హెడ్‌మిస్ట్రెస్ పిల్లల వంక చూసి గొంతు తగ్గించారు.

"ఆ మర్నాడే పోయింది. చదువు రాని ఆ తల్లికి బిడ్డ గొంతంటూ మిగిలింది ఆ ఒక్క కథలోనే."