ఇరవై ఏడు డిగ్రీల సముద్రం

"మళ్ళీ వచ్చాడమ్మా నిన్నటి ముసలాయన," అన్నాడు గేటు కాపలా మనిషి ఫోన్లో.

ఇంజనీరమ్మ తల పట్టుకుంది.

పడవలవాళ్ళు ఆపదలో కేకేసే రేడియో పెట్టెని, కంపెనీ పాత పెట్టె బదులు కొత్తగా తయారుచేస్తోంది ఆమె. రెండేళ్ళుగా దాని మీదే ప్రాణం. నిన్న పడవలవాళ్ళని పిలిచి, ఆ సర్క్యూట్‌ని కంప్యూటర్లో నడిపి చూపించింది. కాయిలు, కెపాసిటరు, ట్రాన్సిస్టరు, అన్నీ తెర మీద బుద్ధిమంతుల్లా పనిచేశాయి. అందరూ చప్పట్లు కొట్టారు, ఈయన తప్ప.

"చాలాసేపు మాట్లాడితే గొంతు పక్కకి జారిపోదా తల్లీ?" అని అడిగాడు. అడుగుతూ రెండు వేళ్ళతో గాలిలో ఏదో తిప్పుతున్నాడు.

కాపలా మనిషి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇవాళా అదే ప్రశ్న, అవే వేళ్ళు.

"జారదని నిన్ననే చెప్పానుగా పెద్దాయనా!"

"వేడెక్కితేనో?"

"నాకు బోలెడు పనుంది, వెళ్ళిరండి." కాపలా మనిషి వైపు తిరిగింది. "ఇంకోసారి లోపలికి రానివ్వకు."

ముసలాయన వెళ్ళిపోయాడు.

పంపేసింది గానీ ఆ మాట చెవిలో జోరీగలా వదల్లేదు. చిరాగ్గా కంప్యూటర్లో ఆ సర్క్యూట్ మోడల్ తెరిచింది.

ఉష్ణోగ్రత గడిలో ఇరవై ఏడు ఉంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసుకున్న అంకె. ఏసీ గదిలో కూచున్నవాళ్ళకి దాన్ని మార్చాలన్న ఊహే రాలేదు. మూత బిగించిన పెట్టెకి నడిసముద్రం ఎండలో ఇరవై ఏడెక్కడిది!

డెబ్భై వేసింది.

గొంతు ఏ ఫ్రీక్వెన్సీ మీద వెళ్తోందో చూపే గీత, తెర మీద నిటారుగా నిలబడ్డది, మెల్లగా పక్కకి జరిగింది. వినేవాడి రేడియోకి అందనంత దూరం పోయింది.

"అయ్యో దేవుడా!"

పై అధికారి విసుక్కున్నాడు. "సోమవారం అప్పగించాలి. ఎండలో అంతసేపు ఎవడు మాట్లాడతాడమ్మా?"

"మునిగిపోయేవాడు మాట్లాడతాడు సార్. ఇది ఇలా బయటికి వెళ్ళదు."

ఇక పట్టు పట్టింది. ఒక్కో భాగాన్నీ వేడిచేసి కొలిచింది, ఆ కొలతలే మోడల్లో పెట్టింది. ఒకటి సరిచేస్తే ఇంకోటి మొరాయించింది. అయినా వదల్లేదు. సోమవారం వచ్చింది, పోయింది. తిట్లు తింది. వేడికి ఒకటి ఇటు జారితే ఇంకోటి అటు లాగేలా కెపాసిటర్లు మార్చింది.

గీత కదల్లేదు.

పెట్టె కట్టి, ఎండలో పెట్టి, గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడింది. అవతలి రేడియోలో ఆ గొంతు ఉన్నచోటే ఉంది.

సంతోషం పట్టలేక గేటుకి పరుగెత్తింది.

"ఆ పెద్దాయన ఎక్కడుంటాడు?"

"ఊరొదిలి వెళ్ళిపోయాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"రేడియో మెకానిక్కా ఆయన?"

"మెకానిక్కా పాడా! పడవ మునుగుతోందని కొడుకు మన పాత పెట్టెలోంచి కేకేస్తుంటే, జారిపోతున్న ఆ గొంతు కోసం ఒడ్డున రేడియో మీట తిప్పుతూ కూచున్న తండ్రమ్మా."